ఓరుగల్లు ఎండల్లో ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు అదనపు కూలర్: కొలవడం నుంచి బిగించడం దాకా

మే నెలలో రామగుండం, మంచిర్యాల వైపు మధ్యాహ్నపు గాలి 45 డిగ్రీలకు చేరడం కొత్తేమీ కాదు. గేర్‌బాక్స్ ఆయిల్ చల్లారాల్సింది ఆ గాలితోనే. కూలర్ ఎంత వేడిని బయటికి తోస్తుందన్నది ఆయిల్ వేడికీ గాలి వేడికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. ఆయిల్ 95 డిగ్రీలు, గాలి 25 డిగ్రీలు ఉన్నప్పుడు తేడా 70. అదే గాలి 45కు ఎక్కితే తేడా 50కి పడిపోతుంది. అంటే చల్లటి దేశపు కేటలాగ్ చూసి కొన్న కూలర్ మన దగ్గర ఎండాకాలంలో ఏడు వంతుల పనికి అయిదు వంతులే చేస్తుంది. అంతే పని జరగాలంటే దాదాపు 40 శాతం పెద్ద కూలర్ కావాలి.

అలాగని దొరికిన వాటిలో పెద్దదాన్ని తెచ్చి ముందు బంపర్ వెనక ఇరికిస్తే పని అయిపోదు. ఆయిల్ మరీ చల్లబడినా గేర్‌బాక్స్‌కు మంచిది కాదు. ఎండ, వాన, చలి ఏదైనా ఆయిల్‌ను 80 నుంచి 95 డిగ్రీల మధ్య నిలబెట్టడమే ఇక్కడ లక్ష్యం. అందుకే కూలర్ కంటే ముందు కొనాల్సింది వేడిని చూపించే సాధనం.

ముందు గేర్‌బాక్స్ ఏదో తేల్చుకోండి

క్లచ్ పెడల్ లేని ప్రతి కారునూ మన దగ్గర ‘ఆటోమేటిక్’ అనేస్తాం. కూలర్ విషయంలో ఆ లెక్క కుదరదు.

టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్లకు అందించేది) ఉన్న గేర్‌బాక్స్‌కు ఆయిల్ కూలర్ నేరుగా పనికొస్తుంది. బీఎమ్‌డబ్ల్యూ ఎం340ఐలోని జెడ్‌ఎఫ్ 8 స్పీడ్, ఫార్చ్యూనర్ 6 స్పీడ్, స్లావియా, వర్టస్‌ల 1.0 టీఎస్ఐ 6 స్పీడ్ ఈ జాతివి. ఆయిల్‌లో మునిగి పనిచేసే జంట క్లచ్‌లున్నవీ అంతే. ఆక్టేవియా ఆర్‌ఎస్ 230లోని 6 స్పీడ్ డీఎస్‌జీ అలాంటిది. రీమ్యాప్ చేయించి (ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్చి శక్తి పెంచుకుని) లాంచ్ కంట్రోల్‌తో ఒక్కసారిగా దూకించేవాళ్లకు మొదట వేడెక్కేది ఆ క్లచ్ ఆయిలే.

పాత పోలో జీటీ టీఎస్ఐలోనూ, స్లావియా, వర్టస్ 1.5లోనూ ఉన్న 7 స్పీడ్ డీఎస్‌జీ సంగతి వేరు. దాని క్లచ్‌లు పొడివి, గాలిలోనే తిరుగుతాయి. ట్రాఫిక్‌లో అది వేడెక్కితే ఆ వేడి క్లచ్ ప్లేట్లది, ఆయిల్‌ది కాదు. దానికి ఆయిల్ కూలర్ పెట్టడమంటే తలనొప్పికి మోకాలికి మందు రాయడమే. ఏఎమ్‌టీకి (క్లచ్, గేర్ల పని యంత్రమే చేసే మాన్యువల్ గేర్‌బాక్స్‌కు) కూడా ఈ అవసరం లేదు. సీవీటీకి (గేర్లకు బదులు బెల్టుతో నడిచే రకానికి) కూలర్ పనిచేస్తుంది గానీ బెల్టు పట్టు ఆ ఆయిల్ గుణం మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి, దాని సొంత ఆయిల్ తప్ప ఇంకొక చుక్క కలవకూడదు.

తర్వాత, ఇప్పుడున్న కూలింగ్ ఎలా ఉందో కింద నుంచి చూడండి. ఫార్చ్యూనర్ లాంటి ఛాసీ బండ్లలో గేర్‌బాక్స్ నుంచి రెండు పైపులు ముందుకు వస్తాయి. అలాంటి బండికి పని తేలిక. చాలా ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో మాత్రం ఇంజన్ కూలెంట్‌తో ఆయిల్‌ను చల్లార్చే, అరచేతి మందాన ఉండే నీటి-ఆయిల్ ఎక్స్‌ఛేంజర్‌ను గేర్‌బాక్స్ మీదే బిగిస్తారు. కోయడానికి అక్కడ పైపులే ఉండవు. ఆ ఎక్స్‌ఛేంజర్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య దూర్చే అడాప్టర్ ప్లేటు కావాలి. మీ మోడల్‌కు తయారైన ప్లేటు దొరక్కపోతే లేత్ మీద చేయించాలని చూడకండి. ఓ-రింగ్ గాడి లోతులో అర మిల్లీమీటరు తేడా వచ్చినా హైవే మీద ఆయిలంతా రోడ్డు పాలవుతుంది.

కొలిచాకే కొనండి

గేర్‌బాక్స్ లోపల సెన్సర్ ఎలాగూ ఉంటుంది. మీ బండి మోడల్‌లో ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) వేడిని చదవగలిగే ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్ సాకెట్‌కు తగిలించేది), యాప్ చాలు. బయటి నుంచి వేడి కొలిచే లేజర్ గన్‌తో చూస్తే కనిపించేది ఆయిల్ పాన్ రేకు వేడి మాత్రమే. అది లోపలి ఆయిల్ కంటే తక్కువ చూపిస్తుంది కాబట్టి దాన్ని నమ్ముకుని నిర్ణయం తీసుకోవద్దు.

మూడు రకాల ప్రయాణాల్లో అంకెలు రాసుకోండి. ఒకటి, సాయంత్రం హన్మకొండ చౌరస్తా చుట్టూ ఏసీ వేసుకుని అరగంట పాకుడు. రెండోది, ఎన్‌హెచ్ 163 మీద కాజీపేట నుంచి జనగామ దాకా ఒకే వేగంతో పరుగు. మూడోది, నిర్మల్, ఆదిలాబాద్ మధ్య ఘాట్ ఎక్కుడు. ప్రతిసారీ ఆయిల్ వేడితో పాటు ఇంజన్ కూలెంట్ వేడి, బయటి గాలి వేడి కూడా రాయండి.

హైవే మీద 90, ట్రాఫిక్‌లో 98, ఘాట్‌లో కాసేపు 105 వచ్చిందంటే కూలర్ అవసరం లేదు. ఆ డబ్బుతో ఆయిల్ మార్పించండి. నిలకడగా 105 దాటుతుంటే కూలర్ పెట్టుకోవడం మేలు. 115, 120 కనబడితే మాత్రం ఇంకో ఘాట్ ఎక్కకముందే పెట్టాలి. 120 దగ్గర ఆయిల్ మాడి వాల్వ్ బాడీలో (గేర్లు మార్చే ఆయిల్ దారులుండే దిమ్మెలో) పల్చటి గోధుమరంగు పూత కడుతుంది. 135 దగ్గర రబ్బరు సీళ్లు బిరుసెక్కుతాయి. 150 వచ్చాక క్లచ్ ప్లేట్లు జారడం, కాలడం మొదలవుతుంది. ప్రతి పది, పదకొండు డిగ్రీల పెరుగుదలకూ ఆయిల్ ఆయుష్షు సగమవుతుందన్నది మెకానిక్‌ల పాత లెక్క. అచ్చు గుద్దినట్టు కాకపోయినా, ఖర్చు అంచనాకు అది సరిపోతుంది.

ఆయిల్ వేడిని కూలెంట్ వేడితో పోల్చి చూస్తే అసలు జబ్బు దొరుకుతుంది. కూలెంట్ 92లో ఉండి ఆయిల్ 118లో ఉంటే గేర్‌బాక్స్ పుట్టిస్తున్న వేడిని ఎక్స్‌ఛేంజర్ మోయలేకపోతోందని అర్థం. ఇక్కడ కూలర్ పని చేస్తుంది. కూలెంటే 108లో ఉంటే లోపం రేడియేటర్‌ది. మన పల్లెల్లో బోరు నీళ్లు గట్టివి. దారిలో కూలెంట్ తగ్గిందని పొలం మోటారు దగ్గర పట్టిన నీళ్లు పోసిన బండ్లలో రేడియేటర్ గొట్టాల్లోపల సున్నం పేరుకుంటుంది. ముందు దాన్ని కడిగించండి లేదా మార్చండి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సరైన పాళ్లలో పోయండి, మళ్లీ కొలవండి. కూలర్ కోసం వచ్చిన బండి రేడియేటర్‌తోనే బాగుపడిపోవడం అరుదేమీ కాదు.

వేగంగా నడిపితేనే గేర్‌బాక్స్ వేడెక్కుతుందనుకుంటారు చాలామంది. నిజానికి లాకప్ క్లచ్ (కన్వర్టర్‌ను జారకుండా నేరుగా కలిపేది) పట్టుకున్నాక హైవే మీద కన్వర్టర్ దాదాపు జారదు. లాకప్ పట్టని తక్కువ వేగంలోనే అది ఆయిల్‌ను చిలికి వేడి పుట్టిస్తుంది. మేడారం జాతర వేళ ములుగు, తాడ్వాయి రోడ్డులో గంటల తరబడి అడుగులో అడుగు వేసే కారు, ఖాళీ రోడ్డు మీద 120లో పోయే కారు కంటే ఎక్కువ వేడెక్కవచ్చు. పైగా ఆ పాకుడులో ముందు నుంచి వచ్చే గాలి కూడా ఉండదు. మీ రాతల్లో ఎక్కువ అంకె ట్రాఫిక్‌లోనే వస్తే ఫ్యాన్ లేని కూలర్ కొనకండి.

ఏమేం కావాలి

కూలర్ కోర్ ప్లేట్లు పేర్చిన రకానిది తీసుకోండి. గొట్టం మెలికలు తిరిగి రేకులున్న రకం చవకే గానీ అదే కొలతలో దాని చల్లార్చే శక్తి తక్కువ. 150 నుంచి 250 హార్స్‌పవర్ ఉండి, రోడ్డు మీదే తిరిగే కారుకు 235 మిల్లీమీటర్ల వెడల్పు, 19 వరుసల కోర్ మన ఎండలకు సరిపోతుంది. దాని ఎత్తు సుమారు 150 మిల్లీమీటర్లు. చల్లటి ఊళ్లలో ఇదే పనికి 13 వరుసలు చాలంటారు. రేసు ట్రాక్ మీద నడపడానికి వెళ్లేవాళ్లు, రీమ్యాప్‌తో 300 దాటినవాళ్లు 25 వరుసలు చూడండి.

అంకెలు కావాలనుకునేవాళ్లకు చిన్న లెక్క. నిమిషానికి 5 లీటర్ల ఆయిల్ కూలర్ గుండా పోతూ 15 డిగ్రీలు తగ్గితే దాదాపు 2.2 కిలోవాట్ల వేడి బయటికి పోయినట్టు. ఇస్త్రీ పెట్టెలు రెండు ఒకేసారి కాలుతున్నంత వేడి అది. కూలర్ వెనక నుంచి ఆ గాలి బయటికి పోయే దారి ఎందుకు కావాలో దీన్ని బట్టే తెలుస్తుంది.

గొట్టాల దగ్గర జరిగే పొరపాటు అన్నిటికంటే ఖరీదైనది. పొక్లెయిన్లు, టిప్పర్లు, హార్వెస్టర్ల కోసం హోస్‌లు క్రింప్ చేసే దుకాణాలు మన పట్టణాలన్నిటిలో ఉన్నాయి. పనితనం బాగుంటుంది. కానీ వాళ్ల దగ్గర మామూలుగా దొరికే 100ఆర్1, 100ఆర్2 హైడ్రాలిక్ హోస్‌లు వందల బార్ల ఒత్తిడిని తట్టుకుంటాయి గానీ వేడిని 100 డిగ్రీల దాకానే. మన గొడవ ఒత్తిడితో కాదు, వేడితో. ఏడాది తిరిగేసరికి లోపలి రబ్బరు బిరుసెక్కి, పెచ్చులుగా ఊడి వాల్వ్ బాడీలోకి పోతుంది. ట్రాన్స్‌మిషన్ కూలర్లకే రాసిన ఎస్‌ఏఈ జె1532 ప్రమాణం ముద్ర ఉన్న హోస్ అడగండి. లేదా లోపల పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) పొర, పైన స్టీల్ అల్లిక ఉన్నది తీసుకోండి. పెట్రోల్ పైపు, రేడియేటర్ పైపు ససేమిరా వద్దు.

లోపలి వ్యాసం సుమారు 9 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఏఎన్-6 (ఏఎన్ అంటే గొట్టాలకు, ఫిట్టింగులకు వాడే అమెరికన్ కొలతల వరుస) చాలా కార్లకు సరిపోతుంది. గొట్టం మొత్తం 3 మీటర్లు దాటినా, ట్రాక్ వాడకమైనా ఏఎన్-8కి వెళ్లండి. 90 డిగ్రీల ఎల్బోలు ఎన్ని తగ్గితే అంత మంచిది. రంధ్రం తవ్వి చేసిన చవక ఎల్బోలో ఆయిల్ గోడకు కొట్టుకుని తిరుగుతుంది, గొట్టం వంచి చేసిన దాంట్లో సాఫీగా పోతుంది.

ఫిట్టింగ్ కొలతలు కలవడం ఇంకో చిక్కు. ఏఎన్-6 థ్రెడ్ 9/16-18 యుఎన్ఎఫ్, దాని ముఖం 37 డిగ్రీల కోన్. హైడ్రాలిక్ దుకాణంలో జేఐసీ అంటే దాదాపు ఇదే, సరిగ్గా కూర్చుంటుంది. అక్కడే కుప్పలుగా ఉండే బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు కొలత) ఫిట్టింగుల కోన్ కోణం వేరు. ఎంత బిగించినా కారుతూనే ఉంటుంది. ఎం14×1.5 మరీ మోసకారిది. బయటి కొలత 14 మిల్లీమీటర్లు, ఏఎన్-6ది 14.3. ఒకటి రెండు చుట్లు చక్కగా తిరిగి, ఆపైన బిగుసుకుంటుంది. బలవంతంగా తిప్పితే అల్యూమినియం కూలర్ థ్రెడ్ అక్కడికక్కడే పోతుంది. థ్రెడ్ గేజ్‌తో చూడనిదే పానా పట్టకండి.

ఇవి కాక ఆయిల్ థర్మోస్టాట్ ఒకటి, రిటర్న్ లైన్‌లో పెట్టే అయస్కాంత ఫిల్టర్ ఒకటి, రబ్బరు గ్రొమెట్లతో బ్రాకెట్లు, 300 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున పీ-క్లిప్పులు, ఎగ్జాస్ట్ పక్క నుంచి పోయే చోట వేడి నిరోధక తొడుగు కావాలి. బండి కంపెనీ పుస్తకంలో రాసిన ఆయిలే వాడండి. టొయోటా అయితే డబ్ల్యూఎస్, జెడ్‌ఎఫ్ 8 స్పీడ్ అయితే లైఫ్‌గార్డ్ 8, డీఎస్‌జీకి దాని సొంత డీఎస్‌జీ ఆయిల్. మామూలుగా పట్టేదానికి పైన ఒక లీటరు అదనంగా ఉంచుకోండి.

థర్మోస్టాట్ గురించి ఒక మాట. ‘మన ఎండలకు అదెందుకు?’ అని షెడ్డులో తప్పకుండా అంటారు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున వరంగల్‌లో 15 డిగ్రీలు, అంతకంటే తక్కువ కూడా ఉంటుంది. ఆదిలాబాద్‌లో ఇంకా చలి. థర్మోస్టాట్ లేకపోతే అలాంటి పొద్దున, జోరు వానలో కూడా, ఆయిల్ 60 దాటడానికే అవస్థ పడుతుంది. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది. గేర్లు కుదుపుతో పడతాయి, లాకప్ ఆలస్యంగా పడుతుంది, మైలేజీ తగ్గుతుంది. సుమారు 80 డిగ్రీల దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్ పెడితే ఈ బాధలేవీ ఉండవు. అది మూసి ఉన్నప్పుడు కూడా కొంచెం ఆయిల్‌ను కూలర్ వైపు వదులుతుంది, కాబట్టి తెరుచుకునే క్షణంలో చల్లటి ఆయిల్ ఒక్కసారిగా మీద పడదు.

ఎక్కడ పెట్టాలి, ఏ వరుసలో కలపాలి

ఏసీ కండెన్సర్ ముందు పెడితే కూలర్‌కు మంచి గాలి దొరుకుతుంది. బదులుగా దాని వెనక పడే కండెన్సర్ భాగానికి వేడి గాలి పోతుంది, మే నెలలో ఏసీ కాస్త నీరసిస్తుంది. కండెన్సర్ వెనక పెడితే అప్పటికే వేడెక్కిన గాలి కూలర్‌కు వస్తుంది, తేడా 50 నుంచి ఇంకా తగ్గుతుంది. అక్కడ పెట్టడం దండగ. ఫాగ్ ల్యాంప్ వెనక, చక్రం లైనర్ ముందు ఉండే ఖాళీ చోటు మాకు అన్నిటికంటే నచ్చుతుంది. ముందు నుంచి రేకుతోనో ప్లాస్టిక్‌తోనో గాలి దారి, వెనక లైనర్‌లో జాలీ కిటికీ, కోర్ మీద 7 అంగుళాల ఫ్యాన్. ఏసీ జోలికి పోనక్కర్లేదు, ట్రాఫిక్‌లో కూడా చల్లారుతుంది. ఒక్క జాగ్రత్త: బంపర్ కింది అంచు కంటే కోర్ కిందికి దిగకూడదు. ఊళ్లలో స్పీడ్ బ్రేకర్ల ఎత్తు సంగతి తెలిసిందే కదా.

కండెన్సర్ ముందే పెట్టాల్సి వస్తే రెండింటి మధ్య 12 నుంచి 20 మిల్లీమీటర్ల సందు వదిలి, చుట్టూ స్పాంజ్ పట్టీ అతికించండి. సందు మూయకపోతే గాలి కోర్ గుండా పోకుండా పక్కల నుంచి జారిపోతుంది. కండెన్సర్ రేకుల్లోంచి దూర్చి బిగించే ప్లాస్టిక్ పుల్లలు కిట్‌లో వస్తాయి. వాటిని పక్కన పడేయండి. కంకర రోడ్డు మీద వణుకుతూ కొన్ని నెలల్లో కండెన్సర్ గొట్టానికి చిల్లు పెడతాయి.

వరుస ఇలా ఉండాలి: గేర్‌బాక్స్ నుంచి వేడి ఆయిల్ ముందు నీటి ఎక్స్‌ఛేంజర్‌కు, అక్కడి నుంచి కొత్త కూలర్‌కు, అటు నుంచి ఫిల్టర్ ద్వారా తిరిగి గేర్‌బాక్స్‌కు. ఎక్స్‌ఛేంజర్ ఆయిల్‌ను కూలెంట్ వేడికంటే కిందికి దించలేదు. అందుకే మోటు పని దానికి, ఆ మిగిలిన వేడిని తీసే పని గాలి కూలర్‌కు. తిరగేసి కలిపితే కూలర్‌లో 80కి దిగిన ఆయిల్‌ను 95 డిగ్రీల కూలెంట్ మళ్లీ వేడి చేసి పంపుతుంది.

ఎక్స్‌ఛేంజర్‌ను పూర్తిగా తీసేయమని కొందరు సలహా ఇస్తారు. పొద్దున్నే ఆయిల్‌ను త్వరగా వేడెక్కించేది అదే, కాబట్టి ఉంచండి. ఒక్క సందర్భంలోనే తీసేయాలి. రేడియేటర్ ట్యాంకు లోపలి కూలర్ చిల్లుపడి కూలెంట్, ఆయిల్ కలిసిపోతే, కూలెంట్ డబ్బా మూత తీయగానే గులాబీ రంగు లస్సీలాంటిది కనిపిస్తుంది. అప్పుడు రేడియేటర్ మార్చాలి, గేర్‌బాక్స్ విప్పి చూడాలి. కూలెంట్‌లోని గ్లైకాల్ క్లచ్ ప్లేట్ల మీది పొరను అతికించిన జిగురును కరిగించేస్తుంది. కూలర్ ఒక్కటే పెట్టి గట్టెక్కుదామంటే కుదరదు.

బిగించే రోజు

పని ముందు రోజు సాయంత్రమే బండిని చదును నేల మీద నిలిపి చల్లారనివ్వండి. నాలుగు మూలలా స్టాండ్లు పెట్టి, బండిని అడ్డంగా, నిలువుగా మట్టసంగా ఉంచాలి. ముందు వైపు మాత్రమే జాకీతో లేపి ఆయిల్ మట్టం చూస్తే అది తప్పు మట్టమే. బ్యాటరీ నెగటివ్ తీసేసి బంపర్ విప్పండి.

పైపులున్న బండిలో ఏది పంపేది, ఏది తిరిగొచ్చేది అన్నది ఊహతో తేల్చకండి. ఒక పైపు విప్పి, పారదర్శకమైన గొట్టం తగిలించి లీటరు సీసాలో పెట్టండి. బ్యాటరీ తగిలించి, ఇంకొకరు లోపల కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేసి అయిదు సెకన్లలో ఆపేయాలి. ఆయిల్ వచ్చిన వైపే పంపేది. అయిదు సెకన్లు దాటితే పంపు గాలి పీల్చే ప్రమాదం ఉంది. ఎక్స్‌ఛేంజర్ నుంచి గేర్‌బాక్స్‌కు తిరిగొచ్చే పైపును కోసి, ఆ రెండు కొసల మధ్య కూలర్‌ను కలపాలి. లోహపు పైపును రంపంతో కాదు, గుండ్రటి పైపు కట్టర్‌తో కోయండి. రంపపు పొడి ఒక్క చిటికెడు చాలు, సోలెనాయిడ్ (కరెంటుతో కదిలే ఆయిల్ వాల్వ్) ఇరుక్కుపోవడానికి. కోసిన కొసకు ఫ్లేరింగ్ పనిముట్టుతో ఉబ్బు తీయించి, హోస్‌ను దాని మీదుగా 25 మిల్లీమీటర్లు తొడిగి, క్లిప్పును ఉబ్బు వెనక బిగించండి. ఉబ్బు లేని నున్నటి పైపు మీద క్లిప్పు ఎంత గట్టిగా బిగించినా, వేడికి హోస్ మెత్తబడ్డాక జారి ఊడుతుంది.

అడాప్టర్ ప్లేటు పెట్టే బండిలో ఎక్స్‌ఛేంజర్ విప్పేముందు కూలెంట్ దింపండి, లేకుంటే తెరిచిన ఆయిల్ రంధ్రంలోకి నీళ్లు దిగుతాయి. చుట్టూ డీజిల్ గుడ్డతో తుడిచాకే విప్పాలి. పాత ఓ-రింగులు మళ్లీ వాడొద్దు. కొత్తవి వైటాన్‌వి (వేడికి ఆగే రబ్బరువి) కావాలి. ప్లేటు మందం ఎంతో బోల్టులు కూడా అంతే పొడవు పెరగాలి. పాత బోల్టులే వేస్తే రెండు మూడు థ్రెడ్ల మీదే బరువంతా ఆగి, అల్యూమినియం థ్రెడ్ ఊడి వస్తుంది. మరీ పొడవైతే రంధ్రం అడుగు తగిలి బిగిసినట్టు అనిపిస్తుంది గానీ ప్లేటు వదులుగానే ఉంటుంది.

కోర్‌ను రబ్బరు గ్రొమెట్ల మీద, వీలైతే పైపు మూతులు పైకి ఉండేలా బిగించండి. మూతులు కిందికి ఉంటే పై వరుసల్లో గాలి చిక్కుకుపోయి ఆ భాగం పని చేయదు. హోస్‌లకు ఎగ్జాస్ట్, టర్బో నుంచి కనీసం 100 మిల్లీమీటర్ల దూరం ఉంచండి. ఇంజన్ ఊగుతుంది కాబట్టి గేర్‌బాక్స్ వైపు 30, 40 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. ఏఎన్ జాయింట్‌కు ఒక చుక్క ఆయిల్ రాసి, చేతితో ఆగేదాకా తిప్పి, ఆపైన రెండు పానాలతో నట్టు ముఖం ఒకటి, మహా అయితే ఒకటింబావు తిప్పండి. చాలు. రెండో పానా కూలర్ మూతిని పట్టుకోవాలి, లేకపోతే మూతే మెలితిరుగుతుంది. ఫ్లేర్ జాయింట్లకు టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. అక్కడ సీల్ చేసేది కోన్, థ్రెడ్ కాదు. టేపు పీలికలు మాత్రం తిన్నగా వాల్వ్ బాడీకి పోతాయి.

ఫ్యాన్ వైరింగ్‌కు నాలుగు పిన్నుల రిలే వాడండి. బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ ఫ్యూజు దాటి రిలే మీది 30వ నంబరు పిన్నుకు, 87వ పిన్ను నుంచి ఫ్యాన్‌కు, రెండింటికీ 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు. 86కు ఇగ్నిషన్ కరెంటు, 85 నుంచి కూలర్‌లోకి వచ్చే లైన్‌లోని థర్మల్ స్విచ్ ద్వారా బాడీకి. స్విచ్ 95 దగ్గర వేసి, 85 దగ్గర ఆపేదైతే బాగుంటుంది. ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టాలి. ఫ్యాన్ గాలి తోసే దిశ, బండి నడిచేటప్పుడు వచ్చే గాలి దిశ ఒకటే కావాలి. కాగితం ముక్క పట్టి చూడండి. తిరగేసి కలిపిన ఫ్యాన్ ఊళ్లో పనిచేస్తున్నట్టే ఉంటుంది, హైవే ఎక్కగానే గాలికి ఎదురు తిరుగుతుంది.

ఆయిల్ నింపడం

ఇక్కడే మన ఎండ అసలు పరీక్ష పెడుతుంది. ఇప్పటి గేర్‌బాక్సుల్లో చాలావాటికి డిప్‌స్టిక్ ఉండదు. ఇంజన్ నడుస్తుండగా, ఆయిల్ నిర్ణీత వేడిలో ఉన్నప్పుడు, చెక్ బోల్టు విప్పితే సన్నటి ధార ఆగి చుక్కలుగా మారే మట్టమే సరైన మట్టం. డీఎస్‌జీ, ఐసిన్ కంపెనీ 6 స్పీడ్‌లలో ఆ వేడి 35 నుంచి 45 డిగ్రీలు, జెడ్‌ఎఫ్ 8 స్పీడ్‌లో 30 నుంచి 50. మే నెల మధ్యాహ్నం షెడ్డులో స్టార్ట్ కూడా చేయని బండి ఆయిలే 42లో ఉంటుంది. ఇంజన్ వేసి గేర్లు మార్చేలోగా హద్దు దాటిపోతుంది. వేడికి ఉబ్బిన ఆయిల్‌ను మట్టం అనుకుని వదిలేస్తే చల్లారాక అర లీటరు దాకా తక్కువ పడొచ్చు. కాబట్టి ఎండాకాలంలో ఈ పని తెల్లవారి అయిదున్నర, ఆరు మధ్య పెట్టుకోండి. స్కానర్ కళ్ల ముందే ఉండాలి.

1. కొత్త కూలర్‌ను బిగించే ముందే దానిలో ఆయిల్ పోసి, ఎంత పట్టిందో గీతల జార్‌తో కొలిచి రాసుకోండి. ఏఎన్-6 గొట్టంలో మీటరుకు దాదాపు 65 మిల్లీలీటర్లు పడుతుంది. అదీ కలపండి.

2. ఎప్పుడైనా ముందు నింపే బోల్టు ఊడుతుందో లేదో చూసుకోవాలి, ఆ తర్వాతే కింది బోల్టు. కింద ఆయిలంతా దింపాక పై బోల్టు తలకాయ అరిగిందని తెలిస్తే బండి అక్కడే కూర్చుంటుంది.

3. దింపిన ఆయిల్‌ను కొలిచి, దానికి కూలర్, గొట్టాల లెక్క కలిపి అంత పోయండి. ఇంజన్ స్టార్ట్ చేసి, బ్రేకు మీద కాలు ఉంచి పి, ఆర్, ఎన్, డి ఒక్కోదాంట్లో అయిదు సెకన్లు ఆగుతూ రెండుసార్లు తిప్పండి. జాయింట్లన్నీ టార్చితో చూడండి.

4. నిర్ణీత వేడిలో చెక్ బోల్టు విప్పండి. ఏమీ రాకపోతే ధార వచ్చేదాకా పోయండి. ధార వస్తే చుక్కలయ్యేదాకా ఆగి, కొత్త వాషర్‌తో మూసేయండి.

5. థర్మోస్టాట్ పెట్టిన బండికి ఈ మెట్టు తప్పనిసరి. 40 డిగ్రీల దగ్గర థర్మోస్టాట్ దాదాపు మూసే ఉంటుంది. కూలర్‌లో మిగిలిన గాలి బయటికి రాలేదన్నమాట. బండిని 90 దాటేదాకా నడిపి, రాత్రంతా చల్లారనిచ్చి, మర్నాడు తెల్లవారి మట్టం మళ్లీ చూడండి. రెండోసారి పావు లీటరు దాకా తీసుకోవడం మామూలే.

ఎక్కువ పోస్తే ‘ఉండనీలే’ అనుకోవద్దు. తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి. నురగలో గాలి ఉంటుంది, ఒత్తిడి నిలవదు, క్లచ్ జారుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. దింపిన పాత ఆయిల్‌ను మోరీలో పారబోయకుండా డబ్బాలో పట్టి వాడిన ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వండి.

పనిచేస్తోందా?

మొదట తిరిగిన మూడు దారుల్లోనే, దాదాపు అదే గంటకు, మళ్లీ కొలవండి. బాగా కుదిరిన పనిలో ట్రాఫిక్ అంకె 10 నుంచి 15 డిగ్రీలు తగ్గుతుంది. కూలర్‌కు వచ్చే గొట్టం, పోయే గొట్టం రెండింటి ఫిట్టింగుల మీద లేజర్ గన్ పెట్టి పోల్చండి. ఈ పనికి గన్ బాగా పనికొస్తుంది, కాకపోతే మెరిసే లోహం మీద తప్పు చూపిస్తుంది కాబట్టి రెండుచోట్లా నల్ల టేపు ముక్క అతికించండి. మధ్య తేడా 8 నుంచి 15 ఉంటే సరే. రెండు మూడే ఉంటే గాలి అందడం లేదు, లేదా థర్మోస్టాట్ తెరుచుకోలేదు. 30 దాటితే సంబరపడకండి, ఆయిల్ మరీ నెమ్మదిగా పోతోందని అర్థం. నలిగిన హోస్, చిన్న రంధ్రపు ఫిట్టింగ్, మూసుకుపోయిన ఫిల్టర్ వెతకండి. అనుమానం తీరకపోతే వేడెక్కిన ఇంజన్ ఐడిల్‌లో ఉండగా రిటర్న్ లైన్‌ను సీసాలోకి పట్టి చూడవచ్చు. సుమారు 20 నుంచి 30 సెకన్లలో లీటరు రావాలి. అంత ఆయిల్ బయటికి తీస్తున్నప్పుడు అంతే పైనుంచి పోసే మనిషి పక్కన ఉండాలి.

50 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి, 500 తిరిగాక ఇంకోసారి జాయింట్లు చూడండి. అయస్కాంత ఫిల్టర్‌ను మొదటిసారి 5,000 కిలోమీటర్లకే మార్చండి. అందులో సన్నటి నల్లటి ముద్ద ఉంటే అది మామూలు అరుగుదల. చేతికి తగిలే లోహపు రవ్వలు ఉంటే కూలర్ కంటే పెద్ద ఖర్చు రాబోతోంది.

దసరా నుంచి సంక్రాంతి దాకా ఇంకో పని ఉంటుంది. ఎనుమాముల మార్కెట్ రోడ్డులో, ఆదిలాబాద్ దారిలో పత్తి లారీల వెనక నడిచిన బండి కోర్‌కు దూది పట్టేస్తుంది. కరీంనగర్ గ్రానైట్ దుమ్ము, సింగరేణి టిప్పర్ల బొగ్గు పొడి, వరి కోతల నూగు దాని మీద పేరుకుని కంబళి కప్పినట్టవుతుంది. కూలర్ పెట్టిన ఏడాదికే ‘ఇదేం పనిచేయట్లేదు’ అనే బండ్లలో చాలావాటికి జబ్బు ఇదే. బంపర్ జాలీ వెనక నుంచి టార్చి వేసి చూడండి, వెలుతురు అవతలికి రాకపోతే కడగాలి. నీళ్లు వెనక నుంచి ముందుకు, మామూలు పైపు ధారతో. సర్వీసింగ్ షెడ్డులోని ప్రెషర్ గన్ దగ్గరికి రానివ్వొద్దు, ఒక్క దెబ్బకు రేకులు పడుకుంటాయి. కోర్ మీద ఆయిల్ తడి ఉండి దుమ్ము ఒకేచోట అంటుకుని ఉంటే ముందు ఆ మూలనున్న జాయింట్ చూడండి, కడగడం తర్వాత.